పేటను చీల్చే గీత, పేరు మార్చే తీర్మానం

విజయనగరంలో ఇల్లెక్కడ అని ఎవరినైనా అడగండి. దాసన్నపేట అంటారు, కంటోన్మెంట్ అంటారు, అయ్యకోనేరు గట్టు అంటారు, బాబామెట్ట అంటారు. డివిజన్ నంబరు ఎవరూ చెప్పరు, చాలామందికి తెలియదు కూడా. కానీ కాలువ పూడిక ఎవరు తీయించాలి, వీధి దీపానికి ఎవరిని అడగాలి, కార్పొరేటర్ ఓటు ఎక్కడ పడాలి అనేవి తేలేది ఆ నంబరు మీదే. పేట మధ్య నుంచి డివిజన్ గీత పోయినప్పుడు, వీధి పేరు మార్చినప్పుడు ఆఫీసుల్లో ఏం జరుగుతుందో, ఎక్కడ తేడా కొడుతుందో, ఏ దశలో నోరు విప్పితే పని అవుతుందో రాస్తున్నాను. ఊరు పెరిగేకొద్దీ గీతలు మారక తప్పదు. పేటను ముక్కలు చేయడం, పేరు తుడిచెయ్యడం మాత్రం తప్పించగలిగినవే.

పేట ఒక్కటే అయినా దాన్ని చూపించే పటాలు కనీసం ఐదు ఉంటాయి. మొదటిది ఎన్నికల డివిజన్ల పటం. 2021 మార్చి ఎన్నికలు విజయనగరం కార్పొరేషన్‌లో 50 డివిజన్లకు జరిగాయి. రెండోది ఇంటి పన్ను కోసం మున్సిపాలిటీ వేసుకున్న వార్డులు, బ్లాకుల పటం. మన డోర్ నంబరు పుట్టేది అందులోంచే. మూడోది వార్డు సచివాలయాల హద్దు. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో పట్టణాల్లో సుమారు 4,000 మందికి ఒక సచివాలయం అని లెక్క పెట్టారు. నాలుగోది టౌన్ సర్వే పటం, అంటే టీఎస్ నంబర్లు. ఐదోది తపాలా శాఖ బట్వాడా హద్దు, దాన్నిబట్టే పిన్ కోడ్. ఇవి కాక పోలీసు స్టేషన్ హద్దు వేరు, అసెంబ్లీ పోలింగ్ భాగాల హద్దు వేరు.

వీటిలో ఏదీ ఇంకోదాని ప్రకారం గీసింది కాదు. డివిజన్ గీత మారినంత మాత్రాన టీఎస్ నంబరు మారదు, పిన్ మారదు, డోర్ నంబరు మారదు. పేరు మార్చిన తీర్మానం మున్సిపల్ రికార్డుకు చేరినా రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరిందని నమ్మకం లేదు. జనం పడే ఇబ్బందుల్లో ముప్పాతిక వంతు ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే.

డోర్ నంబరు సంగతే చూడండి. 12-4-27/2 అని ఒక నంబరు ఉందనుకుందాం. సాధారణంగా మొదటి అంకె పన్ను లెక్కల కోసం వేసిన వార్డు, రెండోది ఆ వార్డులో బ్లాకు, మూడోది ఇల్లు. ఏటవాలు గీత (/) తర్వాత వచ్చే 2 ఏమిటంటే, అసలు స్థలం పంపకాలైనప్పుడో, పెరట్లో ఇంకో ఇల్లు లేచినప్పుడో ఇచ్చిన ఉపనంబరు. మొదటి అంకె 12 కాబట్టి మాది పన్నెండో డివిజన్ అనుకుని అర్జీలో అలాగే రాసేవాళ్లు చాలామంది. ఆ అర్జీ వేరే సచివాలయానికి పోయి అక్కడ వారం, ఇక్కడ వారం తిరుగుతుంది. అర్జీలో డోర్ నంబరు, డివిజన్ నంబరు, సచివాలయం పేరు మూడూ విడివిడిగా రాయాలి. డివిజన్ మారింది కాబట్టి మీ డోర్ నంబరు కూడా మారుతుందని ఎవరైనా అంటే ఆ ఉత్తర్వు చూపించమనండి. డోర్ నంబర్లు మార్చడం వేరే పని. ఊరంతా కొత్తగా నంబర్లు వేసినప్పుడో, పక్క పంచాయతీ వచ్చి కలిసినప్పుడో అది జరుగుతుంది.

ఇక విభజన. డివిజన్లను చివరిగా ప్రచురించిన జనగణన అంకెల మీద గీస్తారు, అంటే 2011 లెక్క. అన్ని డివిజన్లలో జనం దాదాపు సమానంగా ఉండాలి, తేడా 10 శాతం లోపు ఉండాలి అన్నది నియమం. సగటు 4,800 వచ్చిందనుకోండి, ఒక డివిజన్ 4,320కి తగ్గకూడదు, 5,280కి మించకూడదు. ఈ లెక్క కుదర్చడానికి వాడే ఇటుకలు జనగణన బ్లాకులు. జనాన్ని లెక్క రాసుకునే ఒక ఎన్యూమరేటర్ తిరగగలిగినంత మేర, సుమారు 600 నుంచి 800 మంది, ఒక బ్లాకు. బ్లాకును మధ్యలో విరిస్తే ఎటు ఎంతమందో లెక్క తేలదు కాబట్టి మొత్తం బ్లాకులనే అటో ఇటో వేస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ బ్లాకును పేట చరిత్ర చూసి గియ్యలేదు, నడిచే మనిషి సౌకర్యం చూసి గీశారు. ఒక సందు చివర నాలుగు ఇళ్లు పక్క బ్లాకులో ఉంటాయి. అమ్మవారి గుడి ఒక బ్లాకులో, గుడి ఎదుటి వరస ఇంకో బ్లాకులో ఉంటుంది. పైగా 2011 తర్వాత లేచిన అపార్టుమెంట్లు ఆ లెక్కలోకి రావు. శివారు డివిజన్లు కాగితం మీద సమానంగా కనబడి, నేల మీద రెట్టింపు ఉండటానికి కారణం ఇదే.

గీతకు ఏ రోడ్డును వాడుతున్నారన్నది చాలా పెద్ద విషయం. డివైడర్ ఉన్న వెడల్పు రోడ్డు రెండు పక్కలనూ నిజంగానే వేరు చేస్తుంది. రైలు కట్ట, గెడ్డ (వాగు), చెరువు గట్టు కూడా అంతే, వాటి మీద గీసిన గీత పదికాలాలు నిలుస్తుంది. ఇరవై అడుగుల బజారు వీధి అలా కాదు. ఎదురెదురు కొట్లవాళ్లకు ఒకే కుళాయి, ఒకే కాలువ, ఒకే పండగ చందా. అలాంటి వీధి నడుమ నుంచి గీత తీస్తే, కాలువ ఉన్న వైపు ఒక డివిజన్, స్తంభాలు ఉన్న వైపు ఇంకో డివిజన్ అవుతుంది. కాలువ పొంగితే నీళ్లు చేరేది ఎదుటి వరసలోకి, ఆ వరసవాళ్లు అడగాల్సిన మనిషి వేరు. అందుకే గీత కాలువ వెంటో రోడ్డు వెంటో పోతే, ఆ కాలువ, ఆ రోడ్డు ఏ డివిజన్‌లోకి వస్తాయో నోటిఫికేషన్‌లోనే రాయించుకోవాలి. పాత బజార్లలో, గంటస్తంభం చుట్టుపక్కల లాంటి చోట్ల, గీతను వీధి నడుమ నుంచి కాకుండా ఇళ్ల పెరళ్లు కలిసే వెనక వరస మీదుగా తీయడం మంచిది. పటం గీసేవాళ్లకు పని పెరుగుతుంది, వీధి మాత్రం ఒక్కటిగా ఉంటుంది.

ముసాయిదా నోటిఫికేషన్ వెలువడగానే అందరూ పటం చూస్తారు. చదవాల్సింది హద్దుల షెడ్యూలు. అది ఇలా ఉంటుంది: ఉత్తరం, ఫలానా కల్వర్టు దగ్గర మొదలై మెయిన్ రోడ్డు మీదుగా తూర్పుగా ఫలానా డోర్ నంబరు వరకు, తూర్పు, అక్కడి నుంచి దక్షిణంగా కాలువ వెంట ఫలానా కూడలి వరకు, అలా నాలుగు దిక్కులూ. దీన్ని కాగితం చేత పట్టుకుని నడుస్తూ చదవాలి. ఒక దిక్కు ఎక్కడ ముగిసిందో తర్వాతి దిక్కు అక్కడే మొదలవ్వాలి. మధ్యలో సందు మిగిలితే ఆ ఇళ్లు ఏ డివిజన్‌లోనూ లేనట్టే. మన తూర్పు హద్దులో ఉన్న మాటలు పక్క డివిజన్ పడమటి హద్దులోనూ ఉండాలి, లేకపోతే ఆ ఇళ్లు రెండు చోట్లా లెక్కకొస్తాయి. ‘రోడ్డు మీదుగా’ అని ఊరికే రాసి ఉంటే ఏ వైపో తేలదు, ‘రోడ్డు మధ్య గీత’ అనో ‘రోడ్డు ఉత్తరపు అంచు’ అనో ఉండాలి. రైస్‌మిల్లు, సినిమాహాలు, వేపచెట్టు లాంటి గుర్తులు పదేళ్లకు ఉండవు. వాటి పక్కన డోర్ నంబరో టీఎస్ నంబరో జోడించమని అడగాలి.

విభజన వల్ల ఎవరికీ కనబడకుండా పోయే ఇంకో సంగతి రిజర్వేషన్. ఎస్సీ, ఎస్టీ స్థానాలను ఏ డివిజన్‌లో వాళ్ల జనాభా శాతం ఎక్కువో అక్కడి నుంచి కిందికి లెక్కిస్తూ కేటాయిస్తారు. 4,800 మంది డివిజన్‌లో 1,440 మంది ఎస్సీలుంటే 30 శాతం. ఆ పేట నడుమ నుంచి గీత తీసి 720 మందిని చెరో వైపు వేస్తే, అదే పరిమాణంలో ఉన్న రెండు డివిజన్లలోనూ 15 శాతమే మిగులుతుంది. పేట జనం ఒక్కరూ కదల్లేదు, అయినా వాళ్ల మనిషి కౌన్సిల్లో కూర్చునే వీలు పోయింది. ఇది కావాలని చేసినా, లెక్క కుదరక జరిగినా ఫలితం ఒకటే. అభ్యంతరం రాసేటప్పుడు ఈ లెక్కను అంకెలతో సహా పెట్టాలి.

అభ్యంతరానికి గడువు చాలా తక్కువ, నోటీసులోనే తేదీ ఉంటుంది. ‘మా పేటను విడదీయొద్దు’ అని ఒక్క ముక్క రాసి వంద సంతకాలు పెడితే అది ఫైలులో చేరుతుందే తప్ప గీత కదలదు. ఎందుకంటే గీత కదిపితే జనాభా లెక్క తప్పుతుంది, దాన్ని సరిచేసే దారి మీరు చూపించలేదు. పనికొచ్చే అభ్యంతరంలో ఫలానా జనగణన బ్లాకు అటు నుంచి ఇటు, దానికి బదులు ఫలానా బ్లాకు ఇటు నుంచి అటు, మార్చాక రెండు డివిజన్ల జనాభా ఇంతింత, రెండూ 10 శాతం లోపే అని ఉంటుంది. చేత్తో గీసిన పటం ఒకటి జత చెయ్యండి. సంతకం పక్కన డోర్ నంబరు తప్పనిసరి. కమిషనర్ పేర రాసి, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోవాలి. బ్లాకుల వారీ జనాభా, పటం చేతిలో లేకపోతే సమాచార హక్కు కింద అడగొచ్చు, రుసుము 10 రూపాయలు. జవాబుకు 30 రోజులు పడుతుంది కాబట్టి ముసాయిదా వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది, అంతకు ముందే తెచ్చి పెట్టుకోవాలి.

హద్దులు ఖరారయ్యాక మున్సిపల్ ఓటర్ల జాబితాలో తప్పులు దొర్లుతాయి. ఆ జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తీస్తారు. అసెంబ్లీ పోలింగ్ భాగం ఒకటి రెండు డివిజన్ల మీద పడితే ఓటర్లను వీధి వారీగా, డోర్ నంబరు వారీగా విడదియ్యాలి. ఉపనంబరు ఉన్న ఇళ్లు, సందు చివరి ఇళ్లు అక్కడే అటుదిటు అవుతాయి. ముసాయిదా జాబితా అతికించిన రోజునే మీ ఒక్క పేరే కాకుండా మీ వరస మొత్తం చూడండి. అసెంబ్లీ నియోజకవర్గం మాత్రం డివిజన్ గీతతో మారదు, దానికి వేరే చట్టం, వేరే కమిషన్.

పేర్ల మార్పు రెండు అంచెల్లో ఉంటుంది. గ్రామం పేరు, పట్టణం పేరు, రైల్వే స్టేషన్ పేరు మార్చాలంటే రాష్ట్రం ప్రతిపాదించి కేంద్ర హోంశాఖ అనుమతి తీసుకోవాలి. 1953 నుంచి దానికి మార్గదర్శకాలున్నాయి. జనానికి అలవాటైన పేరును ప్రత్యేక కారణం లేనిదే మార్చొద్దని, చరిత్ర ఉన్న పేరును వీలైనంతవరకు కదపొద్దని, నాయకుల మీద గౌరవం చూపడానికే మార్చొద్దని, అదే పేరుతో దగ్గర్లో ఇంకో ఊరు ఉండకూడదని వాటి సారాంశం. ఊరి లోపలి వీధులకు, కాలనీలకు, కూడళ్లకు ఈ వడపోత లేదు. అవి కౌన్సిల్ తీర్మానంతో అయిపోతాయి. నా ఉద్దేశంలో వీధి పేరుకు కూడా ఆ 1953 నాటి నాలుగు ప్రశ్నలూ వేసుకోవడం మంచిది.

మార్చాల్సిన పేర్లు లేకపోలేదు. కులం పేరుతో కించపరిచేలా పిలిచే వీధులున్నాయి. అక్కడుండేవాళ్లు మార్చమని అడిగితే మర్నాడే మార్చాలి, కొత్త పేరు కూడా వాళ్లే పెట్టుకోవాలి. ఆ వీధిలో లేనివాళ్లకు అందులో చెప్పడానికేమీ లేదు.

మార్చకూడనివి నేల పేర్లు. చెరువు, కోనేరు, గెడ్డ, గట్టు, మెట్ట, దిబ్బ, తోట అన్న మాటలున్న పేరు ఆ చోటి ఎత్తుపల్లాలు చెబుతుంది. చెరువు పేరున్న పల్లపు కాలనీకి ‘నగర్’ అని కొత్త పేరు తగిలిస్తే, స్థలం కొనేవాడికి అక్టోబరు వానలకు నీళ్లెక్కడికి చేరతాయో చెప్పే మొదటి ఆనవాలు పోతుంది. రెవెన్యూ రికార్డులో మాత్రం అది చెరువు పోరంబోకో గెడ్డ పోరంబోకో అయ్యే ఉండవచ్చు. అలాంటి సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉంటే దస్తావేజు రిజిస్టరు కాదు. పేరు కొత్తది, బ్రోచరు రంగుల్లో ఉంది అని బయానా ఇచ్చేముందు ఆ చోటి పాత పేరేమిటో పక్క వీధి పెద్దవాళ్లను అడగండి, తర్వాత సర్వే నంబరు జాబితాలో ఉందేమో చూడండి.

కొన్ని పేర్లు మార్చినా మారవు. గురజాడ కన్యాశుల్కం మొదలయ్యేది బొంకులదిబ్బ మీద. మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో తొలగించినా కూడలిని ఇప్పటికీ జనం మూడు లాంతర్లనే పిలుస్తున్నారు. పైడితల్లమ్మ సిరిమాను అక్కడి చదురుగుడి నుంచి కోట దాకా ఏటా మూడుసార్లు తిరుగుతుంది, ఆ దారికి మరో పేరు పెట్టినా ఎవరి నోటా పలకదు. సైన్యం వెళ్లిపోయి ఎన్నో తరాలైనా కంటోన్మెంట్ కంటోన్మెంటే. ఇలాంటి చోట కొత్త పేరు బోర్డు మీదే ఉండిపోతుంది, చిరునామాలో రెండు పేర్లై గందరగోళం మాత్రం పెరుగుతుంది.

ఒకే నాయకుడి పేరుతో రెండు మూడు కాలనీలుండటం ఇంకో ప్రమాదం. పాత, న్యూ, ఫేజ్ టూ అని తోకలు తగిలిస్తారు. 108కి ఫోన్ చేసినవాడు కంగారులో తోక చెప్పడు. బండి ఊరికి ఆ చివరికి పోతుంది.

తప్పనిసరిగా పేరు మారుస్తుంటే తీర్మానంలో కొన్ని ఉండాలి. పాత పేరు, కొత్త పేరు, వీధి ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఏ డోర్ నంబరు నుంచి ఏ నంబరు వరకు, ఏ తేదీ నుంచి అమలు. కొత్త బోర్డు మీద రెండో వరసలో పాత పేరు ఉండాలని కూడా అందులోనే రాయాలి, లేకపోతే బోర్డు రాసేవాడు రాయడు. నకళ్లు తపాలా ఆఫీసు, సబ్‌రిజిస్ట్రార్, తహసీల్దార్, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్, పోలీసు, అగ్నిమాపక కేంద్రం, 108 వాళ్లకు వెళ్లాలి. తీర్మానం అయ్యాక ఆస్తి పన్ను కంప్యూటర్‌లో వీధి పేరు మార్చడం వేరే పని, ఎవరో ఒకరు వెంటపడితేనే అవుతుంది. బోర్డు మారి మూడేళ్లైనా పన్ను రసీదు మీద పాత వీధే వస్తుంటే కారణం అదే.

ఇంటి కాగితాలు మార్చుకోవాలనుకుంటే ముందు ఆస్తి పన్ను, తర్వాత కరెంటు బిల్లు, ఆ తర్వాత ఆధార్. ఈ వరస ఎందుకంటే ఆధార్‌లో చిరునామా మార్చాలంటే రుజువు కావాలి. ఏడాది లోపు పన్ను రసీదు గాని మూడు నెలల లోపు కరెంటు బిల్లు గాని పనికొస్తుంది. వాటి మీద పాత పేరుంటే దరఖాస్తు వెనక్కొస్తుంది. ఆధార్ చిరునామాలో గుర్తుకు, ప్రాంతానికి విడిగా గడులుంటాయి, పేట పాత పేరు అక్కడ రాయండి. ఆధార్ అయ్యాక బ్యాంకు, గ్యాస్ సులువు. ఓటరు కార్డులో చిరునామా సవరణకు ఫారం 8. కరెంటు సర్వీసు నంబరు, పన్ను అసెస్‌మెంట్ నంబరు మారవు, ఏ అర్జీలోనైనా అవి వేస్తే పేరు తేడా ఉన్నా ఇల్లు దొరుకుతుంది. పేరు మాత్రమే మారితే ఇవన్నీ ఆదరాబాదరాగా చెయ్యనక్కర్లేదు, అవసరం పడ్డప్పుడు చేసుకోవచ్చు.

ఇంటి దస్తావేజును వీధి పేరు మారిందని సవరించుకోనక్కర్లేదు. రాసిన నాటికి ఉన్న పేరుతో అది చెల్లుతుంది. అమ్మేటప్పుడు రాసే కొత్త దస్తావేజులోనే జాగ్రత్త కావాలి. రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం పట్టణంలో ఇల్లు ఏ వీధికి ఏ దిక్కున ఉందో, ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉందో, అంతకుముందు ఎవరి స్వాధీనంలో ఉండేదో, నంబరేమిటో చెప్పాలి. షెడ్యూలులో ‘పాత పేరు ఫలానా, ప్రస్తుతం ఫలానా’ అని రెండూ రాయించండి, పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు, టీఎస్ నంబరు మూడూ వేయించండి. డోర్ నంబరు మారి ఉంటే రెండు నంబర్లూ ఒకే ఇంటివని మున్సిపాలిటీ ధ్రువపత్రం తీసుకుని జత చెయ్యాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీసేటప్పుడు కొత్త నంబరుతో ఒకసారి, పాతదానితో ఒకసారి వెతకాలి. కొత్తదానితోనే తీస్తే లావాదేవీలేమీ లేవని శుభ్రంగా వస్తుంది, పాత నంబరు మీద తనఖా అలాగే ఉంటుంది. బ్యాంకు లాయర్లు రుణం ఆపేది ఎక్కువగా ఇక్కడే.

శ్రీకాకుళంలో చిక్కు ఇంకోరకం. 2015లో కార్పొరేషన్ అయింది, చుట్టుపక్కల పంచాయతీలు కలిసే లెక్కలో పడ్డాయి, 2021లో రాష్ట్రమంతా పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు అక్కడ జరగలేదు. పంచాయతీ ఇంటి నంబరు రెండు ముక్కలు, 1-25 లాగా. పట్టణంలో కలిశాక మూడు ముక్కల నంబరు వస్తుంది. ఆ మధ్యకాలంలో ఇల్లు కట్టినవాళ్లకు ప్లాను అనుమతి ఒక నంబరు మీద, కరెంటు ఇంకో నంబరు మీద, పన్ను మూడో నంబరు మీద ఉండే అవకాశం ఉంది. పంచాయతీ రోజుల ఇంటిపన్ను రసీదులు, కట్టడం అనుమతి కాగితం పారెయ్యకండి, పాత నంబరుకు అవే ఆధారం.

పాత కాగితాలు వెతికేవాళ్లకు ఇంకో మాట. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉంది, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో, 1950 ఆగస్టు 15 నుంచి సొంత జిల్లా. ఇంగ్లీషు రికార్డుల్లో చికాకోల్ అని ఉంటుంది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. 2022 ఏప్రిల్ 4న మళ్లీ మార్పులొచ్చాయి, రాజాం వైపు విజయనగరంలోకి, పాలకొండ వైపు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. తాతల నాటి దస్తావేజు మీద జిల్లా పేరు వేరేగా ఉందని కంగారు పడకండి, తేదీ చూసి సరిపోల్చుకోండి. ఈసీ కంప్యూటర్‌లో దొరికేది 1983 నుంచే, అంతకు ముందువి పుస్తకాల్లో చేత్తో వెతికించుకోవాలి.

2027 జనగణన కోసం పాలనా హద్దులను 2025 డిసెంబరు 31 నాటికి తేల్చుకోవాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఆ లెక్కలు ప్రచురించాక పదహారేళ్ల పెరుగుదల ఒక్కసారిగా అంకెల్లోకి వస్తుంది, డివిజన్ గీతలు గట్టిగా కదిలేది అప్పుడే. పేట సంఘాలు ఈలోగా చెయ్యగలిగిన పని ఒకటుంది: తమ పేట ఏ వీధి నుంచి ఏ వీధి వరకో, ఏ డోర్ నంబర్ల వరకో, ప్రతి సందుకూ జనం పిలిచే పేరేమిటో రాసి, పెద్దవాళ్ల చేత సరిచూయించి, సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శికి ఒక ప్రతి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం. ముసాయిదా వచ్చిన రోజున అభ్యంతరానికి జత చేసే మొదటి కాగితం అదే.